ఏది లోపల?

"మీది ఇటు కాదండీ," అంది కంపెనీ అమ్మాయి.

అప్పటికే తలుపులాయన, పేటలో తలుపులన్నీ వేసిన వడ్రంగి, ఒక కాలు లోపల పెట్టేశాడు. ఆ హాలు నేల ఎంత నునుపుగా ఉందంటే, ఈగ వాలినా జారిపడి నడుం విరగ్గొట్టుకోవాల్సిందే. గోడవార పొడుగాటి సోఫా, దాని పక్కన వరసగా ఉత్తరాల పెట్టెలు, ఎదురుగా అద్దాల లిఫ్టు. బయట ఉన్న కాలు లోపలికి తెచ్చుకోవాలో, లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకోవాలో తేలక ఆయన అలాగే గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఆయన భార్య, మెడలో కొలత టేపుతో.

"ఇటు కాకపోతే ఎటమ్మా? మేం కొన్న ఇల్లు ఈ బిల్డింగులోనే కదా?"

"ఇందులోనేనండీ. కాకపోతే మీ ఫ్లాట్లకి గార్డెన్ ఎంట్రీ. రండి, చూపిస్తాను."

గార్డెన్ ఎంట్రీకి పోవాలంటే భవనం చుట్టూ తిరగాలి. కార్ల షెడ్డు దాటి, జనరేటరు దాటి, చెత్త డబ్బాల కొట్టం దాటి, గోడకీ కంచెకీ మధ్య సందులో ఒకరి వెనక ఒకరు నడవాలి. అందరికన్నా ముందు కంపెనీ అమ్మాయి. కొత్త చెప్పు మడమ దగ్గర కొరుకుతోందేమో, ఎడమకాలు ఆనించీ ఆనించకుండా వేస్తోంది. తలుపులాయన భార్య పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెడుతోంది. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కొలవకుండా దేన్నీ నమ్మదు. మొగుణ్ణి మాత్రం ఒక్కసారి కొలవకుండా నమ్మానని, అందుకే ఇలా ఉన్నానని నలుగురిలో అంటుంది.

"రెండొందల పద్దెనిమిది," అంది ఒక బూడిదరంగు ఇనప తలుపు ముందు ఆగి, మోకాలు నొక్కుకుంటూ.

"తోటేదీ?" అన్నాడు తలుపులాయన.

అమ్మాయి అటూ ఇటూ చూసింది. తలుపు పక్కన కుండీలో ఒకే ఒక్క మొక్క ఉంది. ఆయన వంగి ఆకు పట్టుకు చూశాడు. ప్లాస్టిక్కు.

"మంచిదేలే. మనం పోసినా పొయ్యకపోయినా అలగదు," అన్నాడు. అమ్మాయి నవ్వు మింగేసుకుని తాళం తీసింది.

మూడో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు. కొత్త సున్నం వాసన. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు కిటికీ దగ్గరికి పోతారు. ఈయన పడకగది తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, కింద సందులోకి బస్సు టిక్కెట్టు దూర్చి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగాడు. ఎక్కడా పట్టలేదు. లేచి, వేలి కణుపుతో తలుపు మీద కొట్టి విన్నాడు.

"బిస్కెట్ల డబ్బా. పైన రేకంత చెక్క, లోపల అట్ట. గట్టిగా తుమ్మకు, ఊడిపోతుంది."

భార్య వినలేదు. కిటికీ కింద మోకాళ్ళు వంచకుండా ఒంగి, గోడ పొడుగునా టేపు పరిచింది. పరిచిన చోట కాసేపు అరచెయ్యి ఆనించి ఉంచింది. కిటికీలోంచి పడిన వెలుతురు ఆ చేతిమీద, టేపు మీద.

"మిషను సరిపోతుంది. ఇంకా జానెడు మిగుల్తుంది కూడా. ఈ వెలుతుర్లో అయితే సూదిలో దారం నేనే ఎక్కించుకోగలను," అంది.

పాత వీధి పడగొట్టినప్పట్నించీ రెండేళ్ళుగా ఆ మిషను అద్దెగదిలో మంచం కింద ఉంది. వీధిలో ఇళ్ళున్న ఇరవై రెండు కుటుంబాలకి కొత్త భవనంలో వెనక భాగం కేటాయించారు. ఊరికే కాదు. కూల్చిన ఇంటికి వచ్చిన పరిహారం పోను మిగిలింది ఎవరికి వాళ్ళు కట్టుకున్నారు. ముందువైపు ఎనిమిది అంతస్తులూ బయటినుంచి వచ్చిన వాళ్ళవి.

కిందికి దిగాక నడవ చివర తలుపు చూసి ఆయన ఆగిపోయాడు. ఇది మాత్రం లోపలిదాకా అసలు చెక్క. ఛాతీ ఎత్తున నిలువుగా ఒక అద్దం పట్టీ. దాంట్లోంచి హాలు, సోఫా, ఉత్తరాల పెట్టెలు. పిడి పైన నల్లటి తాళం డబ్బా, డబ్బాలో ఎర్రటి చుక్క.

"ఇది నా తలుపు," అన్నాడు.

"ఊళ్ళో తలుపులన్నీ నీవేలే," అంది భార్య.

"కాదే. నిజంగానే. ఈ బిల్డింగు కట్టేటప్పుడు కూలికొచ్చానే ఇక్కడికి, పది రోజులు. అప్పుడు వేసిందే. ఈ తాళం అప్పుడు లేదు."

అంచుమీద వేళ్ళు పెట్టి పైనుంచి కిందిదాకా పాకించాడు. తను చిత్రిక పట్టిన అంచు తనకి తెలియదా. తలుపు వేసే ముందు ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఏది లోపల, ఏది బయట? ఎందుకంటే తలుపుని చట్రానికి పట్టి ఉంచే బందుల చీలలు ఎప్పుడూ లోపలివైపు ఉండాలి. బయటివాడి చేతికి అందకూడదు. ఆ రోజూ అడిగాడు. సూపర్వైజరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "రెండూ లోపలే కదయ్యా! ఇటూ మన బిల్డింగే, అటూ మన బిల్డింగే. కాయితంలో బాణం ఎటుంటే అటు తెరుచుకునేలా వేసెయ్యి," అన్నాడు. బాణం ఇటు చూపించింది. ఇటే వేశాడు.

"ఇది తెరిస్తే హాల్లోంచే వచ్చెయ్యొచ్చు కదమ్మా? నలభై అడుగులు ఉంటుందేమో."

"కార్డుండాలండీ. అది ఫ్రంట్ ఎంట్రీ వాళ్ళకే ఇస్తారు."

"తలుపు వేసినవాణ్ణి నేను."

"అయితే మీకు నేను చెప్పాలా సార్, ఎంత గట్టిదో," అంది అమ్మాయి. వెక్కిరింపుగా అనలేదు. అలసటగా అంది. సంచీలోంచి కాయితాలు తీసి ఇచ్చింది. "ఇది స్వాధీన పత్రం. శుక్రవారం ఐదింటిలోపు సంతకం పెట్టిస్తే తాళాలు ఇచ్చేస్తాం. లేకపోతే, సారీ అండీ, లిస్టులో తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది."

భార్య కళ్ళద్దాలు పెట్టుకుని అక్కడే నిలబడి చదివింది. తొమ్మిదో అంశం దగ్గర వేలు ఆగింది. "'...యజమానులు, కుటుంబ సభ్యులు, అతిథులు శాశ్వతముగా గార్డెన్ ఎంట్రీని మాత్రమే వినియోగించుటకు సమ్మతించడమైనది.' శాశ్వతంగా అంటే? పోయాక కూడానా?"

"పోయాక నిన్ను ఎటునుంచి మోసుకెళ్ళాలో కూడా ముందే రాసేశారన్నమాట," అన్నాడు తలుపులాయన. ఆవిడ నవ్వలేదు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

*

పాత వీధి పోయినా వీధి మనుషులు టీ వదిన దగ్గర పోగవుతూనే ఉన్నారు. ఆవిడ బండి భవనం వెనక, రైలు స్టేషను దారిలో ఉంది. వదిన అని పిలిచేవాళ్ళలో ఆవిడ కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

మంగళవారం పొద్దున తలుపులాయన వెళ్ళేసరికి లాండ్రీ బావ అప్పటికే రెండో టీలో ఉన్నాడు. ఆయన తలుపులాయన చెల్లెలి మొగుడు. మాట పడితే మూడు మాటలు తిరిగిచ్చే రకం.

"సంతకం పెట్టావా బావా?" అన్నాడు.

"నువ్వు?"

"మొదటి రోజే. నాలుగో అంతస్తు. తాళాలు ఇదిగో." జేబు తట్టి చూపించాడు. "సందులోంచి పోతే ఏం? నడుస్తే పొట్ట తగ్గుతుంది."

"వెనకనుంచి పొమ్మన్నవాళ్ళకి నువ్వు పొట్ట తగ్గించిస్తున్నావన్నమాట."

"నేనూ పెట్టేశాను అన్నయ్యా," అంది టీ వదిన, గ్లాసు ముందు పెడుతూ. "రెండేళ్ళు ఒకళ్ళింట్లో తల దాచుకున్నాను. తాళాలు చూపిస్తే చేతులు ఆగలేదు. తొమ్మిదో అంశమో పదో అంశమో, నేను చదివితేగా."

తలుపులాయన టీ ఊదుకున్నాడు. "చదివినా పెట్టేదానివేలే. నిన్ను కాదు నేననేది." ఒక గుటక తాగి మొదలుపెట్టాడు. "ఒకసారి ఒక పెద్దాయనకి తలుపు వేశాను. ఏం చెక్కో గానీ, ఆయనకి నచ్చినవాళ్ళు వస్తే దానంతటదే తెరుచుకునేది. నచ్చనివాళ్ళొస్తే బిగుసుకుపోయేది."

"అబ్బో."

"విను. ఒకరోజు ఆయనే బయటికెళ్ళి వచ్చాడు. తెరుచుకోలేదు! తన్నాడు, బతిమాలాడు. ఊహూ. నన్ను పిలిపించాడు. నేనెళ్ళి తలుపు చెవిలో ఒక మాట చెప్పాను..."

"తలుపుకి చెవెక్కడుంది?"

"తాళంకన్నం. అదే చెవి. ఏం చెప్పానంటే, 'ఇల్లు ఆయనదే గానీ నిన్ను నిలబెట్టింది నేను' అన్నాను. తెరుచుకుంది."

లాండ్రీ బావ చేతిలో టీ ఒలికింది. "వదినా, ఈయన టీలో చక్కెర తగ్గించు. కోతలు ఎక్కువవుతున్నాయి."

"కోతలా? శుక్రవారం చూడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆ నడవ తలుపు ఊడదీసి మేనేజరు ముందు పెడతాను."

"పెడితే ఒక చివర నేను మోస్తాను!" అన్నాడు బావ పగలబడి నవ్వుతూ.

"మాటంటే మాటేనా?"

"వదిన సాక్షి."

వదిన గరిట ఎత్తి సాక్ష్యం చెప్పింది. తలుపులాయన కూడా వాళ్ళతో పాటు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. గ్లాసు చేతిలో ఉండగానే, ఎడమ చేత్తో గాలిలో తలుపు గీసుకున్నాడు. బాణం ఇటు. తెరుచుకునేది ఇటు. అయితే బందులు?

ఇటే.

టీ చల్లారిపోయిందని వదిన అనేదాకా ఆయనకి తెలియలేదు.

*

బుధవారం ఒక్కడే ఆఫీసుకి వెళ్ళాడు. ఆఫీసు భవనం కింది అంతస్తులోనే, ముందువైపు. మధ్యలో గాజుపెట్టె, దాంట్లో భవనం బొమ్మ. అగ్గిపుల్లంత మనుషులు, పెసరగింజంత కార్లు, లోపల దీపాలు కూడా వెలుగుతున్నాయి. ఇల్లు కొన్నవాళ్ళందరూ ఆ బొమ్మను చూసే కొన్నారు. తలుపులాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి, వెనక గోడ చూశాడు.

"అమ్మాయ్, ఈ బొమ్మకి వెనక గుమ్మం లేదేం?"

కంపెనీ అమ్మాయి బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఆవిడా వంగి చూసింది. రోజూ దుమ్ము తుడిచే బొమ్మే. ఇన్నాళ్ళూ చూడలేదు. మడమకి ఇవాళ పట్టీ ఉంది.

"లేదండీ," అంది మెల్లగా.

"మరి మేమిరవై రెండిళ్ళవాళ్ళం కిటికీల్లోంచి ఎక్కుతామా?"

లోపలిగదిలోంచి మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు. మంచినీళ్ళిచ్చి మరీ కాదనే మనిషి.

"చూడండి పెద్దాయనా, ఫ్రంట్ హాలు నిర్వహణకి వాళ్ళు వేరే ఛార్జీ కడతారు."

"ఎంతో చెప్పండి. మేమూ కడతాం."

"అది కాదండీ. వాళ్ళు కొనేటప్పుడు మేమొక మాటిచ్చాం. హాలు వాళ్ళకి ప్రత్యేకం అని."

"మాకిచ్చిన మాట?"

"మీకు ఇల్లిచ్చాం కదా!"

"ఇచ్చారా? కొన్నాననుకున్నానే," అన్నాడు తలుపులాయన.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "నియమాలు మార్చడం నా చేతిలో లేదు. లోపాలు ఉంటే చెప్పండి, బాగుచేయిస్తాం. కుళాయి కారినా, తలుపు పట్టేసినా, స్విచ్చు పనిచెయ్యకపోయినా. ఫారం నింపండి. అంతవరకే." అమ్మాయికి సైగచేసి లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి ఫారం ఇచ్చింది. పైన 'లోపముల నమోదు'. కింద చిన్నక్షరాల్లో సూచనలు. తలుపులాయన చదువు అయిదో తరగతితో ఆగింది గానీ, అక్షరాన్ని వదిలిపెట్టేరకం కాదు. వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదివాడు. నాలుగో సూచన దగ్గర రెండుసార్లు చదివాడు. బల్లమీది కలం తీసుకుని గుండ్రంగా రాశాడు.

స్థలము: కింది అంతస్తు నడవ తలుపు.
లోపము: తెరుచుకోవడం లేదు.

అమ్మాయి చదివి తలెత్తింది. ఆయన మొహం చూసింది. చెయ్యి ముద్ర మీదకి పోయి ఆగింది.

"ఏమ్మా, అబద్ధం రాశానా?"

"...లేదండీ," అంది. అందినట్టు ముద్ర కొట్టి, రెండో ప్రతి చింపి ఇచ్చింది.

ఆ సాయంత్రం అద్దెగదిలో భార్య మంచం కింద నుంచి మిషను లాగి పెట్టుకుంది. కుట్టడానికి కాదు, నూనె వెయ్యడానికి. నూనెగొట్టం ముక్కు ఒక్కొక్క కన్నంలో పెట్టి, చుక్క వేసి, చక్రం తిప్పుతోంది.

"సంతకం పెడతావా?" అన్నాడు ఆయన.

"ఆ కిటికీ కావాలి నాకు. ఆ సందు వద్దు." చక్రం తిప్పింది. "పుట్టిన దగ్గర్నించీ ఈ పేటలో ముందు గుమ్మంలోంచే నడిచాను. మా అమ్మ ఇంట్లో ఒక్కటే గుమ్మం. ఇప్పుడు చెత్తడబ్బాల పక్కనుంచి దొంగలా వెళ్ళి నా ఇంట్లో నేను దూరాలా? పెట్టను. పెట్టకపోతే ఇల్లు పోతుంది. అదీ తెలుసు." చక్రం ఆపింది. "రెండూ కుదురుతాయా? కట్టుకథ వద్దు. ఉన్నది చెప్పు."

ఆయనకి ఆ క్షణంలో కట్టుకథ ఒక్కటీ గుర్తుకురాలేదు.

"కుదరాలి," అన్నాడు. మూలనున్న సంచీ తెచ్చుకుని, ఉలీ సుత్తీ బయటికి తీసి, ఉలి మొన బొటనవేలి మీద ఆనించి చూసుకున్నాడు.

*

శుక్రవారం పది గంటలకి నడవలో ఎండ చారలుగా పడుతోంది. వెనక ఇనప తలుపు లాండ్రీ బావే తన తాళంతో తీశాడు. తీసి, "నేను చూడ్డానికొచ్చాను, అంతే," అన్నాడు. టీ వదిన బండి ఎవరికో అప్పజెప్పి వచ్చింది. తలుపులాయన భార్య గోడకి ఆనుకుని నిలబడింది.

తలుపులాయన నేలమీద గోనెపట్టా పరిచి, మోకాళ్ళమీద కూర్చుని, అందరికన్నా కిందున్న బందు చూశాడు. ఆయన అనుకున్నది తప్పుకాలేదు. మూడు బందులూ ఇటే. మూడు చీలలూ, కాస్త దుమ్ముపట్టి, ఎవరో తమకోసం వస్తారని ఎదురుచూస్తున్నట్టు ఇటే ఉన్నాయి. అంత ఖరీదైన తాళం పెట్టిన మనిషి రెండోవైపుకి వచ్చి చూడనేలేదు.

"ఏమిటి బావా, తాళం పగలగొడతావా?" గొంతు తగ్గించి అడిగాడు లాండ్రీ బావ.

"తాళాన్ని ముట్టుకుంటే నా చెయ్యి నరుక్కుంటాను. దాని పని అది చేసుకోనీ."

చీల కిందనుంచి ఉలి మొన ఆనించి, సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు. చీల తల పైకి లేచింది. వేళ్ళతో తిప్పుతూ లాగి, నూనెగుడ్డలో పెట్టాడు. మధ్యది. అదీ వచ్చింది. పైది కాస్త మొండికేసింది. భార్య సంచీలోంచి మిషను నూనెగొట్టం తీసి ఇచ్చింది. రెండు చుక్కలు. వచ్చింది.

"ఇప్పుడు పట్టు."

"ఎవరూ, నేనా?"

"వదిన సాక్షి."

"నేను సాక్షినే," అంది వదిన, ఈసారి గరిట లేకుండానే చెయ్యెత్తి.

లాండ్రీ బావ చొక్కాచేతులు మడిచాడు. బందులున్న వైపు ఉలి ఆనించి కొద్దిగా లాగేసరికి తలుపు అటునుంచి వెలికివచ్చింది. ఒక పక్కకి జరిపారు. తాళం నాలుక చట్రం కన్నంలోంచి చప్పుడు లేకుండా జారిపోయింది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఎవరూ లోపలికి రాకుండా అది తన పని తను చేస్తూనే ఉంది, తలుపు మాత్రం ఇద్దరి చేతుల్లో గాలిలో ఉంది.

అలా ఎత్తుకుని హాల్లోకి నడిచారు. నునుపు నేలమీద, సోఫా పక్కనుంచి, ఉత్తరాల పెట్టెల ముందునుంచి. కాపలా అతను కుర్చీలోంచి లేచాడు. పాత వీధి చివరింటి అతనే.

"బాబాయ్! బాబాయ్! ముందునుంచి సామాను పోకూడదు!"

"సామాను కాదురా, తలుపు. తలుపు గుమ్మంలోంచి పోకపోతే ఇంకెందులోంచి పోతుంది?"

అతను ఆలోచించేలోపల వాళ్ళు ఆఫీసులో ఉన్నారు. తలుపుని జాగ్రత్తగా, గీత పడకుండా, భవనం బొమ్మ ఉన్న గాజుపెట్టెకి ఆనించి నిలబెట్టారు. అంత పెద్ద తలుపు వెనక ఎనిమిది అంతస్తుల భవనం పూర్తిగా దాక్కుపోయింది.

మేనేజరు బయటికొచ్చి చూశాడు. మర్యాద కాస్త వెనకబడింది. "ఏమిటిది? ఇది దౌర్జన్యం! పోలీసుల్ని పిలుస్తాను!"

తలుపులాయన జేబులోంచి కాయితం తీసి, మడత విప్పి, బల్లమీద పెట్టి, వేలుపెట్టి చూపించాడు. "చదవండి బాబూ. నాలుగో సూచన. నాకు చదువు తక్కువ. తప్పుంటే చెప్పండి."

మేనేజరు చదివాడు. పైకి చదవాలని లేదు గానీ పెదాలు కదిలాయి. 'విప్పదగిన భాగములలో లోపమున్నచో, సదరు భాగమును ఆఫీసునందు అప్పగించవలెను.'

"ఇది కుళాయిలకీ, స్విచ్చులకీ!"

"అలా రాయలేదు."

"ఎవరు విప్పమన్నారు మిమ్మల్ని?"

"విప్పదగినది కాబట్టి విప్పాను. మూడు చీలలు. ఇవిగో, నూనె కూడా వేశాం." గుడ్డ విప్పి బల్లమీద వరసగా పేర్చాడు. "లోపం తెరుచుకోకపోవడం. బాగుచేసి పెట్టండి. ఐదింటికి వచ్చి సంతకం సంగతి చూస్తాం."

అప్పుడే ఎనిమిదో అంతస్తు లెక్చరరమ్మ ఆఫీసులోకి వచ్చింది. చక్రాల పెట్టె, భుజాన సంచీ, రైలు టైముకి పరుగెత్తే మనిషి మొహం.

"ఎవరండీ ఆ నడవలో తలుపు తీసింది?"

మేనేజరుకి ప్రాణం లేచివచ్చింది. "ఈయనేనండీ! మీరేం కంగారుపడకండి. మీ భద్రతకి..."

"అటునుంచి స్టేషనుకి దారుందని ఒక్కళ్ళూ చెప్పలేదేం? నాలుగు నెలల్నించీ ఈ పెట్టె ఈడ్చుకుంటూ భవనం చుట్టూ తిరిగి చస్తున్నాను! మీరిచ్చిన కార్డు పెట్టినా ఆ తలుపు పలకదు, కావాలంటే మీ రికార్డు చూసుకోండి." తలుపులాయన వైపు తిరిగింది. "మీరా? మంచిపని చేశారు." అదే ఊపులో పెట్టె గడగడలాడించుకుంటూ నడవలోంచి, చట్రం మాత్రమే మిగిలిన గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

ఎవరి ఇంటికి తలుపు వేస్తే ఎవరు బందీ అయ్యారో మేనేజరు లెక్క తేల్చుకునేలోపల ఆయన ఫోను మోగింది.

*

నాలుగు గంటలకి కంపెనీ అమ్మాయి టీ బండి దగ్గరికి వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నమంతా నడవలోంచి జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారని చెప్పింది. మేనేజరు వేరే సైటుకి వెళ్ళాడు.

"ఐదున్నరకి మేనేజరు గారే కొనేవాళ్ళని తీసుకొస్తున్నారండీ, బొమ్మ చూపించడానికి. ఫోన్లో అరిచారు. 'ఆ తలుపు నా ఆఫీసులో కనబడకూడదు, ఆ ఫిర్యాదు మూసెయ్యి, ఎలా చేస్తావో నాకు తెలియదు' అన్నారు. మా వడ్రంగులు సోమవారంగానీ రారు. మీరు బిగిస్తారా?"

"బిగిస్తాను. నా ప్రశ్నకి జవాబు చెప్తే."

"ఏంటండీ?"

"ఏది లోపల, ఏది బయట?"

అమ్మాయి ఆయన్ని వెంటబెట్టుకుని భవనానికి నడిచింది. నడవలోకి వచ్చి ఖాళీ చట్రం మధ్యలో నిలబడింది. ఇటు చూసింది. తలుపులాయన భార్య కింద మెట్టుమీద కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. అటు చూసింది. సోఫా. రోజూ ఆ సందులోంచి వెనక ఇళ్ళవాళ్ళని వెంటబెట్టుకుని పధ్నాలుగుసార్లు తిరిగిన కాలు తనది.

"రెండూ లోపలే," అంది.

"రాయి."

ఫారం గోడకి ఆనించి, 'చేసిన మరమ్మతు' అన్న గడిలో రాసింది: తలుపు ఇప్పుడు రెండువైపుల నుంచీ తెరుచుకుంటోంది. తారీకు వేసింది. సంతకం పెట్టింది. కలం మూత బిగించింది.

తలుపు మూసి ఉన్నంతసేపూ తాళం స్క్రూలు ఎవరికీ కనబడవు. హాల్లోకి తెచ్చి పడుకోబెడితే అంచులో నాలుగూ కనబడుతున్నాయి. తలుపులాయన విప్పి, డబ్బాని వార్తాపత్రికలో చుట్టి, "ఇది కంపెనీ సొత్తు, జాగ్రత్త," అని అమ్మాయికి ఇచ్చాడు. మిగిలిన కన్నానికి చెక్కముక్క కోసి, జిగురు రాసి, దిగ్గొట్టి, చిత్రిక పట్టాడు. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా నునుపు నేలమీద పడింది. భార్య టేపుతో చెక్కముక్క అంచు కొలిచి, "నూలుపోగంత ఎత్తుంది," అంది. ఇంకోసారి పట్టాడు. వేలు పెడితే అతుకు తెలియలేదు.

లాండ్రీ బావ పిలవకుండానే ఒక చివర ఎత్తాడు. చీలలు పడ్డాయి. ఒక్క వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది, వదిలేస్తే నిదానంగా వచ్చి మూసుకుంది.

"వాళ్ళు సోమవారం మళ్ళీ తాళం పెడితే?" అన్నాడు బావ.

"పెట్టనీ. మళ్ళీ రాస్తాను, తెరుచుకోవడం లేదని. బందులు మాత్రం ఇటే బిగించాను."

భార్య స్వాధీన పత్రం విప్పి మెట్టుమీద పెట్టుకుంది. తొమ్మిదో అంశం మీద టేపు అంచు ఆనించి, కలంతో తిన్నగా ఒక గీత కొట్టింది. పక్కన సంతకం, చివర సంతకం.

"అది కొట్టేస్తే..." అంది అమ్మాయి.

"తెరుచుకుంటోందని నువ్వే రాశావు కదమ్మా. తెరుచుకునే తలుపులోంచి నడవనని నేనెలా రాసిస్తాను?"

అమ్మాయి కొట్టేసిన అంశాన్నీ, తను రాసిన ఫారాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తర్వాత ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, గీత పక్కనే కొట్టింది. తాళాలు ఆవిడ చేతిలో పెట్టింది. ఐదు కావస్తోంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆ తలుపులోంచే నడవలోకి, నడవలోంచి స్టేషను దారిలోకి వెళ్ళిపోయింది.

తలుపులాయన భార్య తాళాలు కొంగున కట్టుకోలేదు, సంచీలో వెయ్యలేదు. చేత్తోనే పట్టుకుని వీధిలోకి నడిచింది. ముందు గుమ్మం ఎదుట ఆగి, ఊపిరి పీల్చుకుని, లోపలికి అడుగుపెట్టింది. కాపలా అతను లేచి నిలబడ్డాడు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. సోఫా దాటింది. ఉత్తరాల పెట్టెలు దాటింది. వేలితో తలుపు తోసింది.

"నలభై మూడు," అంది మెట్ల ముందు ఆగి. "నలభై అన్నావు."

"నీ మోకాలు మూడు ఎక్కువ వేసింది."

"నీ నోటికి నా మోకాలు అడ్డమా?" ఆవిడ వెనక్కి తిరిగింది. "ఉండు. లెక్క సరిగ్గా రాలేదు. మళ్ళీ మొదట్నించీ వస్తాను."

తలుపు తోసుకుని హాల్లోంచి ముందు గుమ్మం దాకా వెళ్ళింది, ఇంకోసారి లోపలికి రావడానికి.